పాట మీదే, పత్రాలు కూడా మీవేనా?

(స్వతంత్రంగా పాటలు చేసుకుంటున్న గాయకులు, స్వరకర్తలు, వాద్యకారుల శిబిరంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

పొద్దుటి నుంచి మీ పాటలు వింటూ కూర్చున్నాను. చాలా బాగున్నాయి. అందుకే సాధన చెయ్యండి, మంచి పాట చెయ్యండి అని నేను చెప్పబోవడం లేదు. అది మీకు నాకంటే బాగా తెలుసు. నా పని సంగీతకారుల లెక్కలూ ఒప్పందాలూ చూడటం. మంచి పాట చేసి, పేరు తెచ్చుకుని, డబ్బు దగ్గరకొచ్చేసరికి దిక్కులు చూసినవాళ్ళు నా దగ్గరకు ఎక్కువగా వస్తుంటారు. వాళ్ళకు ప్రతిభ తక్కువై కాదు. వినేవాళ్ళు లేకా కాదు. పాట తమదని చూపించే కాగితం ఉండదు, లేదంటే తమ పాట వింటున్నది ఎవరో వాళ్ళకు తెలియదు. ఈ రెండూ సరిగ్గా పెట్టుకున్నవాళ్ళు మధ్యస్థమైన పేరుతోనే హాయిగా బతకడం కూడా చూశాను. అందుకే ఈ రెండు విషయాల మీదే ఎక్కువసేపు మాట్లాడతాను.

ముందు హక్కుల సంగతి.

మీరు ఒక పాట రికార్డ్ చేశారంటే చట్టం దృష్టిలో అక్కడ రెండు ఆస్తులు పుట్టాయి. ఒకటి రచన, అంటే సాహిత్యం, బాణీ. రెండోది రికార్డింగ్, అంటే స్టూడియోలో మీ గొంతుతో తయారైన ఆ ఒక్క ఆడియో. దాన్నే మాస్టర్ అంటాం. స్థలం ఒకటి, దాని మీద కట్టిన ఇల్లు ఒకటి అనుకోండి. స్థలం రాసినవారిది, బాణీ కట్టినవారిది. ఇల్లు మామూలుగా డబ్బు పెట్టి కట్టించినవారిది. అనుమతి తీసుకుని, అద్దె కట్టి, అదే స్థలంలో ఇంకొకరు ఇంకో ఇల్లు కట్టుకోవచ్చు. కవర్ వెర్షన్ అంటే అదే. కవర్ చేసినవారికి తమ రికార్డింగ్ మీద హక్కుంటుంది, రచన మీద మాత్రం ఉండదు.

ఈ తేడా ఎంత పని చేస్తుందో చూడాలంటే అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ విషయం చూడండి. 2019లో ఆవిడ పాత లేబుల్, అంటే పాటలు విడుదల చేసే కంపెనీ, అమ్ముడుపోయింది. దాంతోపాటే ఆవిడ మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లూ వేరేవాళ్ళ చేతికి వెళ్ళాయి. రికార్డింగులు పోయినా పాటలు రాసిన హక్కు ఆవిడ దగ్గరే ఉంది. మళ్ళీ రికార్డ్ చెయ్యకూడదని ఒప్పందంలో ఉన్న గడువు తీరేదాకా ఆగి, 2021 నుంచి ఆ ఆరింటిలో నాలుగింటిని మళ్ళీ పాడి విడుదల చేశారు. 2025లో పాత మాస్టర్లను కూడా కొనేసుకున్నారు. అంత పెద్ద స్టార్ కాబట్టి చెల్లింది అంటారా? డబ్బు విషయంలో అది నిజమే. కానీ అసలు దారి తెరుచుకున్నది స్టార్ కాబట్టి కాదు, రచన మీద హక్కు ఆవిడ వదులుకోలేదు కాబట్టి.

రచన మీద హక్కు ఎంతకాలం? కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం రచయిత జీవితకాలం, ఆపైన కనీసం 50 ఏళ్ళు. చాలా దేశాల్లో 70 ఏళ్ళు. పాతికేళ్ళ వయసులో మీరు రాసిన పాట మీ మనవల కాలంలో కూడా ఆదాయం తేవచ్చు. అలాంటి ఆస్తి విషయంలో ‘మనం మనం ఫ్రెండ్సే కదా, తర్వాత చూసుకుందాం’ అనడం నాకు చాలా బాధగా ఉంటుంది. ఆ ‘తర్వాత’ ఎప్పుడొస్తుందంటే, పాట హిట్టయ్యాక వస్తుంది. అప్పటికి ఎవరి జ్ఞాపకం వారిది.

సెషన్ అయిపోయింది అనుకుందాం. గదిలో నలుగురున్నారు. ఒకరు సాహిత్యం రాశారు, ఒకరు బాణీ కట్టారు, ఒకరు బీట్ (గొంతు కింద నడిచే తాళం, సంగీతం) చేశారు, నాలుగోవారు చరణానికి ముందు వచ్చే గిటార్ ముక్క వాయించారు. అందరూ మంచి ఉత్సాహంలో ఉన్నారు. ఇళ్ళకు కదిలేముందు ఒక తెల్లకాగితం తియ్యండి. పైన పాట పేరు, తేదీ. కింద ఒక్కొక్కరి అసలు పేరు, పాటకు వాడే పేరు, రాయల్టీ సొసైటీలో (పాట వాడకానికి వచ్చే సొమ్ము వసూలు చేసే సంఘంలో) సభ్యత్వం ఉంటే ఆ నంబరు. పక్కన రెండు గడులు. మొదటి గడిలో రచనలో వాటా, రెండో గడిలో రికార్డింగ్‌లో వాటా. రెండు గడులూ విడివిడిగా నూటికి నూరు రావాలి. గిటార్ వాయించినవారు ఫీజు తీసుకుని వెళ్ళిపోతున్నారా? అయితే ‘ఫీజు చెల్లించాం, వాటా లేదు’ అని అదీ రాయండి. ఆ ముక్కే పాటకు ప్రాణం అనుకుంటే వాటా రాయండి. అందరూ సంతకం పెట్టి, ఫొటో తీసి నలుగురికీ పంపండి. దీన్నే స్ప్లిట్ షీట్ అంటారు. దీనికి లాయరు అక్కర్లేదు, పావుగంట చాలు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్న కేసులు నా టేబుల్ మీద ఎన్నో ఉన్నాయి. వాటిలో ముప్పావు భాగం ఈ కాగితం ఉంటే పుట్టేవే కావు.

బీట్లు కొనుక్కుని పాడేవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. ఇంటర్నెట్‌లో తక్కువ ధరకు దొరికే బీట్ చాలాసార్లు మీ ఒక్కరికే ఇచ్చింది కాదు. అదే బీట్ మీద ఇంకో పదిమంది పాడుతూ ఉంటారు. ఎవరి పాట ఏ వీడియోలో ఉందో గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీలో అలాంటి పాటను మీ పేరున పెట్టారంటే ఆ పదిమంది వీడియోల మీదా మీ క్లెయిమ్ పడుతుంది, గొడవ మొదలవుతుంది. లైసెన్సులో ఎన్ని స్ట్రీముల (ఆన్‌లైన్‌లో విన్నసార్ల) దాకా, ఏయే వాడకాలకు, ఎంతకాలం అని ఏం రాసి ఉందో చదవండి. రేపు ఆ పాట పెద్దదయ్యాక పూర్తి హక్కు కొనాలంటే ధర ఈరోజు ధరలా ఉండదు.

ఇప్పుడు డబ్బు ఎక్కడెక్కడి నుంచి వస్తుందో చూద్దాం. అందరికీ ముందు గుర్తొచ్చేది స్ట్రీమింగ్. ఒక స్ట్రీమ్‌కు ఎంతిస్తారు అని అడుగుతుంటారు. నిజానికి పెద్ద సర్వీసుల్లో స్ట్రీమ్‌కు ఇంత అని కట్టిన రేటు లేదు. స్పాటిఫై లాంటివి వచ్చిన ఆదాయంలో హక్కుదారుల వాటాను ఒకచోట చేర్చి, మొత్తం స్ట్రీముల్లో ఎవరి పాటలు ఎంత శాతమో చూసి పంచుతాయి. అందుకే వింటున్న దేశం, చందా కట్టి వింటున్నారా ఉచితంగా వింటున్నారా అన్నదాన్ని బట్టి మీకొచ్చే మొత్తం మారిపోతుంది. స్పాటిఫైలో 30 సెకన్లు దాటి వింటేనే స్ట్రీమ్ కింద లెక్క. పైగా 2024 నుంచి, అంతకుముందు 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు రాని పాటకు రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం లేదు. కొత్తగా వచ్చేవాళ్ళకు ఇది అన్యాయమనే నేనంటాను. కానీ నిబంధన ఉంది కాబట్టి దాన్ని చూసుకునే ప్లాన్ వేసుకోవాలి. ఏడాదిలో పన్నెండు పాటలు విసిరేసే బదులు నాలుగు పాటలు చేసి, ఒక్కోదాని వెనక మూడు నెలలు నిలబడటం మేలు.

స్ట్రీమింగ్‌ను నేను పరిచయం కింద చూస్తాను, జీతం కింద చూడను. కొద్దిమందికి అది జీతమవుతుంది, కాదనను. మిగతావాళ్ళకు అది కొత్త చెవులు దొరికే చోటు.

ఆ చెవుల్ని డబ్బిచ్చి కొనుక్కోమని చెప్పేవాళ్ళు వస్తారు. ‘ఇంత పంపండి, లక్ష స్ట్రీములు తెప్పిస్తాం’ అని మెసేజ్ పెడతారు. దయచేసి ఆ జోలికి వెళ్ళకండి. అవి మనుషులు విన్న స్ట్రీములు కావు, ప్రోగ్రాములు తిప్పినవి. ఒక పాటకు వచ్చిన వినికిడిలో దొంగ స్ట్రీములు విపరీతంగా ఉన్నాయని తేలితే స్పాటిఫై డిస్ట్రిబ్యూటర్ల దగ్గర జరిమానా వసూలు చేస్తోంది. వాళ్ళు ఆ భారాన్ని మీ మీద వేస్తారు, లేదంటే పాటనే తీసేస్తారు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. మీ పాట ఎవరికి నచ్చుతుందో ఆ సర్వీసు నేర్చుకుంటూ ఉంటుంది. దానికి మీరు తప్పుడు పాఠం నేర్పినట్టవుతుంది. ఆ పాట అసలు నచ్చాల్సిన మనిషి దగ్గరకు చేరదు.

డిస్ట్రిబ్యూటర్ అన్నాను కదా. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్, సీడీ బేబీ లాంటివి మీ పాటను అన్ని సర్వీసులకూ చేరుస్తాయి. కొన్ని ఏడాది చందా తీసుకుంటాయి, కొన్ని ఆదాయంలో వాటా తీసుకుంటాయి. చందా కట్టడం ఆపేస్తే పాటలు ఉంటాయా, తీసేస్తారా అన్నది చేరేముందే కనుక్కోండి. ప్రతి రికార్డింగ్‌కూ ఐఎస్‌ఆర్‌సీ అని 12 అక్షరాల, అంకెల కోడ్ ఒకటి ఉంటుంది. దాన్ని రాసిపెట్టుకోండి. రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినప్పుడు అదే కోడ్, అదే ఆడియో ఇస్తేనే పాత స్ట్రీముల లెక్క కొత్తదానికి అతుక్కునే అవకాశం ఉంటుంది. కొత్త కోడ్ వేశారంటే మళ్ళీ సున్నా నుంచి మొదలు.

చాలామంది అనుకునేదేమిటంటే, డిస్ట్రిబ్యూటర్ దగ్గర పెట్టేశాను, ఇక అన్ని డబ్బులూ వాళ్ళే తెస్తారని. తీసుకురారు. వాళ్ళు తెచ్చేది ముఖ్యంగా రికార్డింగ్‌కు వచ్చే డబ్బు. రచనకు వచ్చే డబ్బు వేరే కాలువలో పారుతుంది. మీ పాట రేడియోలో వేసినా, కచేరీలో పాడినా, హోటల్లో మోగించినా, స్ట్రీమ్ అయినా రచయితకు, స్వరకర్తకు రావాల్సిన భాగం ఉంటుంది. అది వసూలు చేసేవి రాయల్టీ సొసైటీలు. సభ్యులై, ప్రతి పాటనూ వాటాలతో సహా నమోదు చేస్తేనే మీ పేరున జమవుతుంది. నమోదు కాని పాట డబ్బు కొంతకాలం ఎవరిదో తెలియని ఖాతాలో ఉండి, చివరికి వేరేవాళ్ళకు పంచేస్తారు. మీ సొంత కచేరీలో మీ సొంత పాటలు పాడినా, ఆ రోజు పాడిన పాటల జాబితాను సొసైటీకి పంపితే రాయల్టీ ఇచ్చే దేశాలు చాలా ఉన్నాయి. కచేరీ అయ్యాక అలసటలో ఆ జాబితా పంపడం ఎవరికీ గుర్తుండదు. బృందంలో ఒకరికి ఆ పని అప్పగించండి.

పాడినవారికీ వాయించినవారికీ కూడా వేరే హక్కుంది, నైబరింగ్ రైట్స్ అంటారు. అమెరికానే తీసుకోండి. అక్కడ ఇంటర్నెట్ రేడియో, ఉపగ్రహ రేడియో నుంచి సౌండ్ఎక్స్‌ఛేంజ్ అనే సంస్థ వసూలు చేసేదాంట్లో 50 శాతం రికార్డింగ్ యజమానికి, 45 శాతం ప్రధాన కళాకారులకు, 5 శాతం మిగతా గాయకులకు, వాద్యకారులకు వెళ్తుంది. మీరే యజమాని, మీరే గాయకులు అయితే 95 శాతం మీదే. కానీ అందుకు యజమానిగా ఒకసారి, కళాకారులుగా ఒకసారి నమోదు చేసుకోవాలి.

ఇదంతా వింటుంటే టెన్షన్‌గా ఉందని మీ ముఖాలు చెబుతున్నాయి. ఒక్కో పాటకు ఒక్క పూట పని ఇది. అలవాటైతే అంత కూడా పట్టదు.

ఇక లేబుల్ దగ్గరకొద్దాం. లేబుల్‌తో సంతకం పెడితే తప్పని నేననను. కానీ లెక్క తెలిసి పెట్టండి. వాళ్ళు మీకు అడ్వాన్సు 100 ఇచ్చారనుకుందాం. మీ రాయల్టీ వాటా 20 శాతం. రికార్డింగ్ 400 సంపాదించింది. మీ వాటా 80. ఆ 80 మీ చేతికి రాదు, అడ్వాన్సులో జమవుతుంది. పుస్తకంలో మీరింకా 20 బాకీ ఉన్నట్టే ఉంటుంది. అటువైపు లేబుల్ పెట్టింది 100, వచ్చింది 400. వీడియోకు, ప్రచారానికి వాళ్ళు పెట్టిన ఖర్చు కూడా మీ ఖాతాలో రాసే ఒప్పందమైతే మీ బాకీ ఇంకా పెరుగుతుంది. మీ వాటాలోంచి బాకీ అంతా తీరాక కూడా మాస్టర్ వాళ్ళదే. ఇంటి అప్పు తీర్చాక ఇల్లు బ్యాంకు దగ్గరే ఉండిపోయినట్టు.

కాబట్టి అమ్మేసే ఒప్పందానికి బదులు, గడువు పెట్టి ఇచ్చే లైసెన్సు ఒప్పందం అడగండి. అయిదేళ్ళు, ఏడేళ్ళు. గడువు తీరాక మాస్టర్ తిరిగి మీకు. ఒప్పందంలో నేను మొదట వెతికేది ‘శాశ్వతంగా’ అన్న అర్థం వచ్చే మాట. తర్వాత, తమ ఇష్టం మీద ఇంకో ఆల్బమ్, ఇంకో ఆల్బమ్ అని పొడిగించుకునే హక్కు వాళ్ళకిచ్చే వాక్యం. ఆ తర్వాత, లెక్కల పుస్తకాలు తనిఖీ చేసే హక్కు మీకుందా లేదా. కచేరీల ఆదాయంలో, టీషర్టుల లాంటి సరుకుల ఆదాయంలో కూడా వాటా అడుగుతుంటే, అందుకు బదులుగా వాళ్ళు చేసే పని ఏమిటో కాగితం మీద ఉండాలి. ‘ఇవాళే సంతకం పెట్టాలి’ అని ఎవరైనా తొందరపెడితే, ఆ రోజు పెట్టకండి.

లేబుల్ లేకుండా ఏం చెయ్యగలం అని నిరుత్సాహపడేవాళ్ళకు రెండు పేర్లు చెబుతాను. అమెరికా గాయని ఆని డిఫ్రాంకో 1990లో, ఇరవై ఏళ్ళు వచ్చీరాని వయసులో సొంత లేబుల్ పెట్టుకుని, కచేరీల దగ్గర క్యాసెట్లు అమ్ముకుంటూ మొదలుపెట్టారు. ఇంటర్నెట్ ఊసే లేని రోజులవి. అమెరికా రాపర్ నిప్సీ హసిల్ 2013లో తన మిక్స్‌టేప్‌ను (సొంతంగా విడుదల చేసుకునే పాటల సంకలనాన్ని) ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టి, 1,000 ప్రతులు మాత్రం అచ్చు వేసి ఒక్కోటి 100 డాలర్లకు అమ్మారు. అవి ఒక్కరోజులో అయిపోయాయి. ఉచితంగా దొరికేదానికి వంద డాలర్లు ఎందుకిచ్చారు? ఆ మనిషి మీద అభిమానంతో, ఆయన సొంతంగా నిలబడాలన్న కోరికతో. అలా ఇవ్వదలచుకున్నవాళ్ళు మీ శ్రోతల్లోనూ కొందరుంటారు. వాళ్ళు ఇవ్వడానికి ఒక దారి మీరు తెరిచి ఉంచారా అన్నదే ప్రశ్న.

అందుకే నా రెండో మాట. వింటున్నది ఎవరో తెలుసుకోండి. సోషల్ మీడియాలో లక్షమంది ఫాలోవర్లు ఉన్నా, ఆ జాబితా ఆ కంపెనీది, మీది కాదు. రేపు అల్గారిథమ్ మారితే మీ పోస్టు పదిమందికి కూడా కనపడదు. ఈమెయిల్ జాబితా మీది. ఫోన్ నంబర్ల జాబితా మీది. కచేరీ ఆఖరి పాటకు ముందు, చప్పట్లు ఇంకా ఆగకముందే, తెర మీద ఒక క్యూఆర్ కోడ్ చూపించి ‘ఇందులో మీ ఈమెయిల్ ఇస్తే ఇవాళ పాడిన కొత్త పాట రికార్డింగ్ రేపు మీకు పంపుతాను’ అని చెప్పండి. మాట ఇచ్చినట్టు మర్నాడే పంపండి. ఊరు కూడా అడగండి. ఏ ఊళ్ళో మీవాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలిస్తే, తర్వాతి కచేరీ ఎక్కడ పెట్టాలో, ఎంత పెద్ద హాలు తీసుకోవాలో ఊహించుకునే పని ఉండదు.

కచేరీ అయిపోగానే తెర వెనక్కి వెళ్ళిపోకండి. నేరుగా సరుకుల బల్ల దగ్గరకు రండి. టీషర్టు అయినా, రికార్డు అయినా, చేత్తో రాసిన పాట కాగితం అయినా, మీరు పక్కన నిలబడితే ఎక్కువ అమ్ముడుపోతుంది. కొన్ని వేదికలు ఆ అమ్మకాల్లోనూ వాటా అడుగుతాయి. అది ముందే మాట్లాడుకుని ఒప్పందంలో రాసుకోండి. ఆన్‌లైన్లో నేరుగా అమ్మాలంటే బ్యాండ్‌క్యాంప్ లాంటివి ఉన్నాయి. డిజిటల్ అమ్మకాల మీద వాళ్ళు 15 శాతం తీసుకుంటారు, అమ్మకాలు 5,000 డాలర్లు దాటాక అది 10కి తగ్గుతుంది. చెల్లింపు ఖర్చులు వేరే. కొన్నవాళ్ళు అనుమతిస్తే వాళ్ళ ఈమెయిల్ కూడా మీకొస్తుంది. నా దృష్టిలో ఆ డబ్బు కంటే ఆ ఈమెయిల్‌కే విలువ ఎక్కువ.

సినిమాలు, సీరీస్‌లు, ప్రకటనలు, వీడియో ఆటల్లో పాట వాడుకోవడానికి ఇచ్చే సింక్ లైసెన్సు గురించి క్లుప్తంగా చెబుతాను. వాడుకునేవారికి రెండు అనుమతులు కావాలి, రచనకు ఒకటి, మాస్టర్‌కు ఒకటి. రెండూ మీ దగ్గరే ఉంటే ఒక్క ఈమెయిల్‌తో పని అయిపోతుంది. గడువు ముంచుకొస్తున్న మ్యూజిక్ సూపర్‌వైజర్‌కు (అలాంటి వాటికి పాటలు ఎంచి తెచ్చేవారికి) అది పెద్ద ఊరట. గొంతు లేని వెర్షన్, విడివిడి ట్రాకులు, స్ప్లిట్ షీట్ ఒకే ఫోల్డర్లో సిద్ధంగా ఉంచండి. అనుమతి లేని శాంపిల్ (వేరే రికార్డింగ్‌లోంచి తీసుకున్న ముక్క) ఒక్కటి పాటలో ఉన్నా ఈ తలుపు మూసుకున్నట్టే.

వీటన్నిటిలో లాభం ఉందో లేదో తెలియాలంటే ఇది కూడా వినండి. పాటల కోసం వేరే బ్యాంకు ఖాతా తెరవండి. ఒక్కో పాటకు ఒక పేజీ పెట్టండి. స్టూడియో, మిక్సింగ్, కవర్ డిజైన్, వీడియో ఖర్చు ఒకవైపు. ఆ పాట వల్ల ఎక్కడి నుంచి ఎంత వచ్చిందో ఇంకోవైపు. మీ గంటల విలువ కూడా ఖర్చులో రాయండి. అది రాయకపోవడం వల్లే చాలా పాటలు లాభంలో ఉన్నట్టు కనిపిస్తాయి. చేతిలో ఉన్నదంతా రికార్డింగ్‌కే పెట్టేసి, విడుదల రోజున ఒక పోస్టు పెట్టి కూర్చుంటారు. బడ్జెట్‌లో కనీసం సగం విడుదల కోసం, విడుదల తర్వాతి నెలల కోసం ఉంచమని నేను గట్టిగా అడుగుతాను. విడుదల తేదీకి నాలుగు వారాల ముందే పాట అప్‌లోడ్ చెయ్యండి. ప్లేలిస్టు ఎడిటర్లకు (సర్వీసులో పాటల జాబితాలు తయారుచేసేవారికి) పాట పంపాలంటే విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు పంపమని స్పాటిఫై చెబుతుంది. ఆఖరి నిమిషంలో అప్‌లోడ్ చేసినవారికి ఆ అవకాశమే ఉండదు.

ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి.

(ఉద్యోగం ఎప్పుడు మానెయ్యవచ్చని ఒకరు అడిగారు.)

మంచి ప్రశ్నమ్మా. గత ఏడాది మీకు సంగీతం మీద వచ్చిన ఆదాయం అంతా రాయండి. అందులో అన్నిటికంటే పెద్ద మొత్తాన్ని కొట్టెయ్యండి. అది ఒక పెద్ద కచేరీ కావచ్చు, ఒక ప్రకటన కావచ్చు. మిగిలినదాంతో మీ ఇల్లు గడుస్తుందా? గడిస్తే మానెయ్యవచ్చు. గడవకపోతే ఉద్యోగమే మీ లేబుల్ అనుకోండి. అది మీ మాస్టర్ అడగదు, వడ్డీ అడగదు. దాన్ని చిన్నతనంగా భావించాల్సిన పనేమీ లేదు. పాఠాలు చెప్పండి, ఇతరుల పాటలకు వాయించండి, మిక్సింగ్ చెయ్యండి. అవన్నీ సంగీతం మీద బతకడమే.

(తాము నలుగురం కలిసి బ్యాండ్ పెట్టామని, వాటాలు ఎలా వేసుకోవాలని ఇంకొకరు అడిగారు.)

బాబూ, రెండు పద్ధతులూ పని చేస్తాయి. పాట రాసినవారికి ఎక్కువ ఇచ్చే పద్ధతి ఉంది, అన్నీ సమానంగా పంచుకునే పద్ధతి ఉంది. కొత్త బ్యాండ్‌కు నేను సమానంగా పంచుకోమనే చెబుతాను, ఎందుకంటే రిహార్సల్‌లో ‘ఈ లైను నాది’ అన్న పోటీ మొదలుకాదు. కానీ వాటాలతో పాటు ఇంకో మూడు విషయాలు రాసుకోవాలి. ఒకరు వెళ్ళిపోతే బ్యాండ్ పేరు ఎవరిది? వెళ్ళినవారికి పాత పాటల మీద వాటా కొనసాగుతుందా? యూట్యూబ్ ఛానల్, డిస్ట్రిబ్యూటర్ ఖాతా ఎవరి ఈమెయిల్ మీద ఉన్నాయి, పాస్‌వర్డులు ఇంకెవరి దగ్గర ఉన్నాయి? ఈ మూడోదాన్ని తేలిగ్గా తీసుకుంటారు, కానీ బ్యాండ్‌లు విడిపోయినప్పుడు మొదట ఆగిపోయేది అక్కడే. మీ తర్వాతి రికార్డింగ్ ఎప్పుడన్నావు, వచ్చే నెలా? అయితే ఈ వారంలో నలుగురూ కూర్చుని ఇవి రాసుకుని సంతకాలు పెట్టండి, స్టూడియోకు అడ్వాన్సు ఆ తర్వాత కట్టండి.